మిద్దె ఎక్కేదెవరు?

మా చిన్నమ్మాయి కొడుక్కి కుప్పంలో ఉద్యోగమొచ్చింది. అక్కడే బాడుగ ఇల్లు చూసుకున్నాడు. నెలకు పది రోజులు వాళ్లమ్మ కూడా వచ్చి ఉంటుంది గనక టీవీ తప్పదు, టీవీ అన్నాక డిష్ తప్పదు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "తాతా, బాక్సు కొనేద్దునా, బాడుగకు తీసుకుందునా? అంగట్లో రెండు రకాలూ చెప్తా ఉండారు. నువ్వు ఒక్క మాటలో చెప్పు, అట్లే చేస్తా" అన్నాడు.

నలభై ఏళ్లు జనం మిద్దెలెక్కి దిగినవాణ్ని ఒక్క మాటలో చెప్పమంటే ఎట్లా? మదనపల్లెలో ఒక రేడియో అంగట్లో పని నేర్చుకున్నాను. పుంగనూరులో సొంత అంగడి పెట్టుకున్నాను. సినిమా క్యాసెట్లు ఆడించే వీసీపీలు బాడుగకు తిప్పాను, కేబుల్ నడిపాను, అది చేజారాక డీటీహెచ్ డిష్‌లు బిగిస్తూ పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా స్కూటర్ అరగదీశాను. టీవీ సామాను అమ్మినవాణ్నీ నేనే, కొన్నవాణ్నీ నేనే, బాడుగకిచ్చిన సామాను తిరిగిరాక తల పట్టుకున్నవాణ్నీ నేనే. ఫోన్లో చెప్పలేక వాడి కోసం కాగితం మీద పెట్టినవి ఇవి. ఏది ముందు గుర్తొస్తే అది ముందు రాశాను.

1. జాతర కోసం ఏదీ కొనకూడదు.

1980ల చివర్లో మా అంగట్లో ఒక కలర్ టీవీ, రెండు వీసీపీలు ఉండేవి. టీవీ ఖరీదుకు కాడి ఎద్దులొచ్చే కాలం అది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర దగ్గరపడిందంటే చుట్టుపక్కల పల్లెలవాళ్లు ముందే వచ్చి చెప్పిపోయేవారు. ఒక రాత్రికి టీవీ, వీసీపీ, మూడు సినిమాల క్యాసెట్లు. ఊళ్లో తలా ఇంత వేసుకుని బాడుగ తెచ్చేవారు. హామీకి ఇత్తడి బిందెలు పెట్టేవారు. ఒకసారి ఒకావిడ చెవికమ్మలు తీసి బల్ల మీద పెట్టింది. ఎద్దుల బండిలో వరిగడ్డి పరిచి, టీవీని బొంతలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తీసుకుపోయేవారు. వెంట మా పిల్లగాడొకడు వెళ్లేవాడు. టేపు ఇరుక్కుంటే లాగడం, హెడ్డు మురికిపడితే తుడవడం, తెల్లారేసరికి సామాను లెక్కపెట్టి తేవడం వాడి పని.

అట్లా నాలుగేళ్లు తీసుకుపోయిన ఒక పెద్దాయనకు రోషమొచ్చింది. "ఏటా నీకు పోసే దుడ్డుతో నేనే కొనుక్కుంటా పో" అని, బెంగళూరు పోయి రెండూ కొనుక్కొచ్చాడు. ఐదో జాతరకు మళ్లీ మా అంగడి మెట్లెక్కాడు. ఏడాది పొడుగునా గుడ్డ కప్పి నడవలో పెట్టిన వీసీపీలో రబ్బరు బెల్టు సాగిపోయింది, కొన్న నాలుగు క్యాసెట్లకూ బూజు పట్టింది. సొంత టీవీని ఇంట్లో కూర్చోబెట్టి, నా టీవీని బండెక్కించుకుపోయాడు. పాపం, మా పిల్లగాడు ఆ రాత్రి ఆయన వీసీపీ కూడా బాగుచేసి వచ్చాడు.

ప్రపంచ కప్పు, పెళ్లి, పరీక్షలయ్యాక పిల్లల సెలవులు, ఇవన్నీ జాతరలే.

2. బాక్సు సంగతి తరవాత. మిద్దె ఎవరిదో ముందు చూసుకో.

కుప్పంలో ఒక బాడుగ మిద్దె మీద ఒకసారి ఏడు డిష్‌లు లెక్కపెట్టాను. పనిచేసేవి రెండే. మిగతా ఐదూ ఖాళీ చేసి వెళ్లినవాళ్లు వదిలేసినవి. ఒకటి యూనివర్సిటీలో చదువుకున్న పిల్లలది, ఒకటి గ్రానైటు ఫ్యాక్టరీకి వచ్చిన మేస్త్రీది, ఇంకోటి ఎవరిదో ఇంటాయనకే తెలీదు. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. ఇల్లు మారేటప్పుడు బాక్సు సంచిలో వేసుకోవచ్చు గానీ డిష్ విప్పాలి, కొత్త ఇంటి మీద బిగించాలి, వైరు కొత్తగా లాగాలి. విప్పే కూలి, బిగించే కూలి, వైరు ఖర్చు కలిపితే కొత్త కనెక్షన్ పండగ ఆఫరుకు దగ్గరికొచ్చేస్తుంది. అందుకే వదిలేసి పోతారు.

మావైపు ఇంకో ఇబ్బంది ఉంది. పాత ఇళ్లు చాలావరకు బండల మిద్దెలు. బండకు డ్రిల్లు పెడితే పెట్టినవాడు వెళ్లిపోతాడు, వానాకాలంలో కారేది ఇంటాయన నెత్తిన. ఒకాయన నా చేతిలో డ్రిల్లు చూసి నిచ్చెన లాగేసుకున్నాడు, నేను మిద్దె మీదే ఉండిపోయాను. అప్పటినుంచి ఇనప తట్టలో సిమెంటు, కంకర పోసి, అందులో గొట్టం నిలబెట్టి, దానికి డిష్ బిగించే పద్ధతి పట్టుకున్నాను. గాలికి కదలదు, బండకు తూటు పడదు, ఇల్లు మారితే తట్టతో సహా ఆటోలో వేసుకుపోవచ్చు. బాడుగ ఇంట్లో ఉంటూ సొంత డిష్ కావాలనేవాళ్లకు నేను చెప్పే దారి ఇదొక్కటే.

మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉంటానని చెప్పలేనివాడు సామాను సొంతం చేసుకోవడం దేనికి?

3. నీకు డబ్బు నెలకొకసారి వస్తుందా, పంటకొకసారా?

ఇది నా తప్పు వల్ల నేర్చుకున్న పాఠం.

మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే దారిలో ఒక టమోటా రైతు ఉండేవాడు. ఆ ఏడు మండీలో ధర బాగా పలికి, చేతిలో డబ్బుతో నా దగ్గరికొచ్చాడు. "అన్నా, మంచి బాక్సు ఇయ్యి, దుడ్డు ఇప్పుడే ఇచ్చేస్తా" అన్నాడు. నేను తెలివి చూపించబోయాను. అంత డబ్బు ఒక్కసారి ఎందుకు, డిపాజిట్టు మాత్రం కట్టు, మిగతాది నెలనెలా బాడుగ, చిల్లర మొత్తమే కదా అన్నాను. నాకూ బాడుగ స్కీముల మీద కమీషన్ ఎక్కువ, ఆ సంగతి దాచుకోను.

తరవాతి పంటకు ధర పడిపోయింది. మావైపు టమోటా సంగతి తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఈ వారం బాక్సు టమోటాలకు వచ్చిన ధరలో పావు వంతు కూడా పై నెల రాకపోవచ్చు, కోత కూలి కూడా గిట్టక కాయల్ని చేన్లోనే వదిలేయొచ్చు. 2023 జూలైలో దేశమంతా టమోటా ధర చూసి నోరెళ్లబెట్టింది, టీవీల్లో మదనపల్లె మండీ పేరు మారుమోగింది. దాని ముందూ వెనకా రోడ్డు పక్కన పారబోసిన కాయల్ని చూపిన కెమెరాలు తక్కువ. ఆ రైతు రెండు నెలలు బాడుగ కట్టలేదు, టీవీలో బొమ్మ ఆగిపోయింది. మూడో నెల కంపెనీవాళ్లు బాకీ అడిగారు, నాలుగో నెల బాక్సు పట్టుకుపోయారు. బాకీ కింద డిపాజిట్టు కూడా పోయింది. మంచి రోజుల్లో కొనేసి ఉంటే బాక్సయినా ఇంట్లో ఉండేది. డబ్బున్న నెల రీఛార్జి చేసుకుని, లేని నెల ఊరుకునేవాడు. ఆయన నన్నేమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

పంట మీద బతికేవాడు చేతిలో డబ్బున్నప్పుడే కొనేయాలి, నెలనెలా మెడ మీద కూర్చునే ఖర్చు పెట్టుకోకూడదు. జీతగాడికి, పాల డైరీకి పోసి పదిహేను రోజులకొకసారి బిల్లు తీసుకునే ఇంటికి బాడుగ బరువనిపించదు. చింతపండు గుత్తకు తీసుకునేవాళ్లు, పట్టుగూళ్లు అమ్ముకునేవాళ్లు రైతు లెక్కలోకే వస్తారు. సామాను ధర ఎంతో చూసి కాదు, డబ్బు ఇంటికొచ్చే పద్ధతి చూసి తేల్చుకోవలసిన విషయం ఇది.

4. ఒక్క భాగహారం చాలు.

మాటవరసకు బాక్సూ డిష్షూ కలిపి 1,800 అనుకో. బాడుగ నెలకు 60 అనుకో. 1,800ని 60తో భాగిస్తే 30 నెలలు. రెండున్నరేళ్ల లోపు వదిలేసేవాడికి బాడుగ మేలు, దాటేవాడికి సొంతం మేలు. అసలు అంకెలు అంగట్లో అడిగి, ఇదే భాగహారం వేసుకో. మధ్యలో ఒక రిపేరు వస్తే సొంతదారుడి లెక్కలో ఇంకో ఐదారు నెలలు కలుపు. ఇంతకు మించి లెక్క లేదు.

5. "కొన్నాను" అంటే ఏం కొన్నావు?

రేడియో కొంటే ఏ స్టేషనైనా పాడింది. సైకిల్ కొంటే ఏ దారినైనా పోయింది. డీటీహెచ్ బాక్సు అట్లా కాదు. ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీ ఛానెళ్లను చూపదు. సిగ్నల్‌కు వాళ్లు తాళం వేసి పంపుతారు, ఆ తాళంచెవి వాళ్ల బాక్సులోనో, కార్డులోనో ఉంటుంది. నచ్చక కంపెనీ మారితే, నీ డబ్బుతో కొన్న పెట్టె ఆ రోజునుంచి పాత సామాన్లవాడి తక్కెట్లోకే.

ఇట్లా కాకూడదనే 2001లో కేంద్రం డీటీహెచ్ మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, ఒకరి బాక్సు ఇంకొకరికి పనికొచ్చేట్టు ఉండాలని షరతు పెట్టింది. కాగితం మీద బాగుంది. పనికొచ్చేట్టు చేసే మాడ్యూలు వేరే కొనాలి, దానికి పెట్టే ఖర్చుకు కొత్త బాక్సే వచ్చేస్తుంది, ఎవరు కొంటారు? 2020 ఏప్రిల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మళ్లీ ఇదే సిఫార్సు చేసింది, బాక్సులన్నీ ఏ కంపెనీకైనా పనిచేయాలని. నేను బిగించిన వందల బాక్సుల్లో ఒక్కటీ కంపెనీ మారి బతకలేదు.

అదే ట్రాయ్ 2007లోనే ఇంకో మంచి నియమం తెచ్చింది. సామానును నేరుగా అమ్మడం, వాయిదాల మీద ఇవ్వడం, బాడుగకివ్వడం, మూడు దారులూ చందాదారు ముందు పెట్టాలని. ఇది తెలిసిన గిరాకీని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. చాలామంది అంగడివాళ్లు ఒక్క దారే చెబుతారు, తమకు లాభమున్న దారి. "తక్కిన రెండూ చెప్పన్నా" అని అడగడానికి సిగ్గుపడొద్దు.

నిజంగా సొంతమనిపించేది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. బాక్సు, డిష్ ఏ అంగట్లోనైనా కొనుక్కోవచ్చు, నెలసరి చందా లేదు, బాడుగ అనే మాటే లేదు. తెలుగు ఛానెళ్లు తక్కువ, అది లోటే. కానీ ఒకసారి కొన్నాక మళ్లీ ఎవడికీ సమాధానం చెప్పే పనిలేదు.

6. డిపాజిట్టు అంటే భోగ్యం లాంటిది. కాగితం లేని భోగ్యం ఉండదు.

మదనపల్లెలో ఇల్లు భోగ్యానికి తీసుకునేవాళ్లకు చెప్పక్కర్లేదు. లక్షలు ఇంటాయన చేతిలో పెడతారు, బాడుగ లేకుండా ఉంటారు, ఖాళీ చేసేటప్పుడు అసలు వెనక్కి తీసుకుంటారు. దానికి స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు. అంత జాగ్రత్తగా ఉండే మనిషే బాక్సు డిపాజిట్టు రసీదును గోడ మీది క్యాలెండరు వెనక పెట్టి, ఏడాది మారగానే క్యాలెండరుతో పాటు చింపేస్తాడు. నేనూ అంతే చేశాను. కేబుల్ నడిపే రోజుల్లో ఒక కంపెనీ దగ్గర సామాను బాడుగకు తెచ్చి, తిరిగిచ్చినప్పుడు డిపాజిట్టు అడిగితే "రసీదు ఉందా?" అన్నారు. లేదు. ఆరుసార్లు తిరిగాను, ఏడోసారి బస్సు ఛార్జీ లెక్కేసుకుని మానేశాను.

రసీదు ఫొటో తీసి పెట్టుకో. తిరిగిచ్చేటప్పుడు బాక్సు, రిమోటు, అడాప్టరు, కార్డు ముట్టినట్టు సంతకం తీసుకో. రిమోటు పోయిందని డిపాజిట్టులో కోసినవాళ్లను చూశాను.

7. ఆకాశంలో సామాను కూడా బాడుగదే.

ఈ సంగతి తెలిశాక, బాడుగ సామాను మీద నా రోషం కొంత తగ్గింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూపించారు. సైట్ అనేవారు దాన్ని. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. ఊరుమ్మడి టీవీలు సర్కారువి, మిద్దె మీద కోళ్లగూటి వలలాంటి పెద్ద డిష్. ఉపగ్రహం ఏటీఎస్-6 మాత్రం అమెరికా నుంచి ఎరువు తెచ్చుకున్నది. ఏడాది కాగానే వాళ్లు వెనక్కి తీసుకున్నారు, పల్లెల్లో టీవీలు మూగబోయాయి. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు గదా. మనవాళ్లు మాత్రం ఆ ఎరువు సొమ్ముతో విద్య నేర్చుకున్నారు.

ఇప్పటి సంగతీ అంతే. 2022 జూన్‌లో జీశాట్-24 అనే ఉపగ్రహం పైకి వెళ్లింది. నాలుగు టన్నులకు పైగా బరువు కనక మన శ్రీహరికోట నుంచి కాక, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్ రాకెట్ మీద పంపారు. అందులో ఛానెళ్లను కిందికి పంపే 24 ట్రాన్స్‌పాండర్లు. ఉపగ్రహం ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఐఎల్‌ది, దాని సామర్థ్యమంతా టాటా ప్లే బాడుగకు తీసుకుంది. అంత పెద్ద కంపెనీ బాడుగకున్నప్పుడు నువ్వు బాక్సు బాడుగకు తీసుకుంటే పరువేం పోదు.

ఆకాశంలో సామానూ చెడుతుంది. 2010 జూలైలో ఇన్‌శాట్-4బిలో కరెంటు సరఫరా దెబ్బతిని సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీద ఆధారపడ్డ సన్ డైరెక్ట్ వేరే ఉపగ్రహానికి, మీశాట్-3కి మారింది. ఒకటి 93.5 డిగ్రీల దగ్గర, ఇంకోటి 91.5 డిగ్రీల దగ్గర. ఆకాశంలో రెండు డిగ్రీలంటే కింద డిష్ తిప్పుకోవాల్సిందే. ఎవరి డిష్ సొంతమో, ఎవరిది బాడుగో ఆకాశానికి పట్టలేదు.

ఆకాశంలో పద్ధతి మారితే సొంత సామానూ మూలన పడుతుంది, మా పన్నెండడుగుల జల్లెడ డిష్ కథ ఇక్కడే చెప్పాలి. 1990ల మొదట్లో వడ్డీకి తెచ్చి కొన్నాను. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక కేబుల్‌కు గిరాకీ విరగబడింది, అప్పు తీరింది, మూడేళ్లు దొరలా బతికాను. తరవాత ఛానెళ్లు డిజిటల్ అయ్యాయి, ఒక్కొక్కదానికి ఒక్కో రిసీవరు కావలసొచ్చింది. పెట్టుబడి నా తాహతు దాటింది, నెట్‌వర్కు పెద్దవాళ్ల చేతికి పోయింది. 2017 మార్చి ఆఖరుకు పల్లెల్లో కూడా పాత అనలాగ్ కేబుల్‌కు గడువు తీరిపోయింది. జల్లెడ డిష్ పెరట్లో బోర్లా పడి ఉంది, మా ఇంటిది దాని మీద మిరపకాయలు ఎండబెడుతుంది. నా జీవితంలో కొన్నవాటిలో ఇన్నేళ్లు పనికొచ్చింది అదే అని ఎగతాళి చేస్తుంది కూడా.

8. మిద్దె ఎక్కేదెవరు?

నన్ను ఒక్క మాట చెప్పమంటే ఈ ప్రశ్నే చెబుతాను. బాక్సు ఎవరిదనేది కాగితం సంగతి. చెడినప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కేది ఎవరు? అది తేలితే కొనాలో బాడుగకు తీసుకోవాలో దానంతటదే తేలుతుంది.

ఏమేం చెడతాయో చెబుతాను. ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల పైన, భూమధ్యరేఖ మీద నిలిచి ఉంటుంది. మన మదనపల్లె, కుప్పాల నుంచి చూస్తే డిష్ మొహం ఒక కంపెనీకి దాదాపు దక్షిణానికి, ఇంకో కంపెనీకి ఆగ్నేయానికి తిరిగి, బాగా పైకి చూస్తుంది. అంత దూరం కనక డిష్ వేలెడు పక్కకు జరిగినా సిగ్నల్ పడిపోతుంది. ఆషాఢం గాలికి జరుగుతుంది, కోతి ఊగితే జరుగుతుంది, ఆరేసిన దుప్పటి తగిలి జరుగుతుంది. పెద్ద వాన వస్తే ఆ తరంగాల్ని నీటిచుక్కలు మింగేస్తాయి, బొమ్మ గడ్డకట్టి నిలిచిపోతుంది. వాన తగ్గితే అదే వస్తుంది, దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో నాలుగైదు రోజులు పట్టపగలు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడతాడు, ఆయన వేడి ముందు ఉపగ్రహం గొంతు వినబడదు. దానికీ ఎవర్నీ పిలవొద్దు. పిలిస్తే, వచ్చినవాడు ఏమీ చేయకుండా కాసేపు మిద్దె మీద నిలబడి, బొమ్మ రాగానే డబ్బులు తీసుకుపోతాడు. నేను పోలేదని చెప్పను.

అసలు రోగాలు రెండు. ఒకటి, వైరు చివర కనెక్టరులోకి నీళ్లు దిగి చిలుము పట్టడం. డిష్ దగ్గర వైరుకు చిన్న వంపు వదిలితే నీళ్లు ఆ వంపు కిందినుంచి కారిపోతాయి, కనెక్టరులోకి పోవు. పైన టేపు గట్టిగా చుట్టాలి. రెండు, పిడుగు. దూరాన పడినా వైరు వెంట దిగి, డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బినీ బాక్సునూ రెంటినీ కాలుస్తుంది. ఉరుములు మొదలవగానే బాక్సు వెనక వైరు విప్పేయడమే మందు, మా ఊరి అవ్వలకు కూడా ఇది నేర్పించాను.

సొంత బాక్సయితే ఈ ఖర్చులన్నీ నీవి. బాడుగదైతే, నువ్వు విప్పి కెలకనంతవరకు బాగుచేసి ఇచ్చే పూచీ ఇచ్చినవాడిది. బాడుగలో నువ్వు కట్టే డబ్బు నిజానికి దీనికే. ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండులో రేడియో రెంటల్స్ అనే కంపెనీ 1930లో బ్రైటన్‌లో పుట్టి, తరవాత దేశమంతా టీవీలు బాడుగకిచ్చింది. వాల్వుల టీవీలు ఊరికే చెడిపోయేవి, ధర చూస్తే ఎక్కువ. చెడితే వాడే వచ్చి బాగుచేస్తాడని జనం బాడుగకు ఎగబడ్డారు. టీవీలు చెడిపోవడం తగ్గేసరికి ఆ వ్యాపారమూ తగ్గింది. అమెరికాలో డైరెక్ టీవీ ఇందుకు తలకిందులు. 1994లో డిష్‌లూ బాక్సులూ అమ్మడంతో మొదలుపెట్టి, 2006 మార్చి నుంచి బాడుగ పద్ధతికి తిరిగింది.

కానీ పూచీ కాగితం మీద ఉంటే చాలదు. మదనపల్లె టౌనులో ఫిర్యాదు చేస్తే మర్నాటికి మనిషి వస్తాడు. పుంగనూరు దాటి పది కిలోమీటర్లు లోపలికి పోతే "ఏరియా ఇంజనీరు వస్తాడు" అనే మాట వారం రోజులు వింటావు. ఆ వారం బాడుగ ఎవడూ తగ్గించడు. అట్లాంటి పల్లెలో, ఊళ్లోనే నిచ్చెన ఎక్కగల కుర్రాడొకడుంటే బాక్సు కొనేయడమే మేలు. నేను బాడుగకు తీసుకోమని చెప్పి తప్పు చేసిన ఇళ్లన్నీ రోడ్డుకు దూరంగా ఉన్నవే. కాబట్టి అంగట్లో బాక్సు ధర అడిగే ముందు, ఆ వీధిలో అదే కంపెనీ డిష్ ఉన్న ఇంటికి పోయి, పోయిన వానాకాలంలో మనిషి ఎన్నో రోజుకొచ్చాడో అడుగు. అక్కడ కాఫీ కూడా ఇస్తారు.

9. ఉచితమన్న బాక్సు ఎవరిదో కనుక్కో.

కుప్పం సరిహద్దు దాటితే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. అక్కడ చుట్టాలున్నవాళ్లు 2006 తరవాత అక్కడి సర్కారు ఇచ్చిన ఉచిత కలర్ టీవీలు చూసి వచ్చారు, 2017లో అక్కడి సర్కారు సంస్థ అరసు కేబుల్ వాళ్లు ఇచ్చిన ఉచిత సెట్‌టాప్ బాక్సులూ చూసి వచ్చారు. "మనకెందుకు ఇయ్యరన్నా?" అని నన్నడిగేవారు, నేనేదో ముఖ్యమంత్రినైనట్టు. టీవీ ఇచ్చేశారంటే అది ఇంటిది. బాక్సు ఉచితంగా ఇచ్చారంటే చూసుకోవడానికి ఇచ్చారు, అంతే. ఈ తేడా చాలామందికి తట్టదు.

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149కి టీవీ, ఇంటర్నెట్, ఫోను అన్నారు. ఊళ్లో అందరికీ గుర్తుండిపోయింది ఆ 149 ఒక్కటే, బాక్సు ఖర్చు వేరేగా ఉందని తరవాత తెలిసింది. తక్కువ అంకె గట్టిగా వినిపిస్తుంది, ఎక్కువ అంకె మెల్లగా వినిపిస్తుంది.

10. పెట్టె దగ్గర బేరమాడి, ప్యాకు దగ్గర కళ్లు మూసుకోవద్దు.

2019 ఫిబ్రవరి నుంచి కొత్త పద్ధతి వచ్చింది. అప్పట్లో వంద ఛానెళ్ల దాకా నెలకు 130 నెట్‌వర్కు రుసుము, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు ఉండేది. డబ్బు ఛానెళ్లు దాని మీద అదనం. ఆ లెక్కన రుసుమే ఐదేళ్లకు 9,204 అయ్యేది. బాక్సు మీద రెండు వందలు తగ్గించమని అంగట్లో అరగంట పోట్లాడే మనిషి, ఎప్పుడూ చూడని ముప్పై ఛానెళ్ల ప్యాకును ఏళ్ల తరబడి మోస్తాడు. కుప్పంలో ఇది మరీ ఎక్కువ. ఒకే ఇంట్లో అవ్వకు తమిళం కావాలి, కోడలికి కన్నడం, పిల్లలకు తెలుగు. మూడు భాషల ప్యాకులు మూడు బాడుగలతో సమానం. మా ఇంటిది దీనికొక ఉపాయం చెప్పింది. "నెలకొక భాష పెట్టుకోమను, సంవత్సరానికి నాలుగు నెలలు అందరికీ న్యాయం జరుగుతుంది." ఎవరూ ఒప్పుకోలేదు.

11. ముందే డబ్బు కట్టించుకునేవాడు ఎన్నాళ్లుంటాడో కూడా చూడాలి.

ఐదేళ్ల చందా ఒకేసారి కడితే బాక్సు దాదాపు ఉచితమని ఒక కంపెనీ ఆశపెట్టింది. నా మాట మీద పదకొండు ఇళ్లవాళ్లు కట్టారు. కంపెనీ మూతపడింది. డబ్బు నాది కాదు, పరువు నాది. ఆ పదకొండు ఇళ్లకూ ఫ్రీ డిష్ బాక్సులు కొని, కూలి లేకుండా బిగించాను. పాత డిష్‌లే పనికొచ్చాయి, దిక్కు మార్చానంతే.

ఇక మా మనవడి సంగతి. ఇల్లు బాడుగది, జీతం నెలనెలా వస్తుంది, కుప్పం టౌనులో మనిషి రెండో రోజుకల్లా వస్తున్నాడని పక్కింటివాళ్లు చెప్పారట. బాడుగకే తీసుకోమన్నాను. "మరి మీ ఇంట్లో?" అన్నాడు. మా ఇంట్లో ఫ్రీ డిష్, సొంతం, పదిహేనేళ్లుగా అదే డిష్. మా మిద్దె మాదే గదా, ఎక్కేవాణ్ని నేనున్నాను గదా.

ఆదివారం వాళ్ల మనిషి వచ్చి బిగిస్తాడట. నేను కూడా మొదటి బస్సుకు వస్తున్నానని చెప్పాను. "ఎందుకు తాతా, బాడుగది గదా, వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. చూసుకోనీ. డ్రిల్లు పెడతాడో, తట్టలో సిమెంటు పోస్తాడో చూడాల గదా. ఇనప తట్ట ఒకటి కడిగి పెట్టమని మా ఇంటిదానికి చెప్పాను.